మెడ చాపని కంకి: ఆడమగ వరిలో నాలుగు గుంటల డైరీ

ఫిబ్రవరి 14

తమ్ముడు ఈ యాసంగిలో రెండెకరాలు ఆడమగ వరి పెట్టాడు. హుజూరాబాద్, జమ్మికుంట వైపు ఇది కొత్త సంగతేమీ కాదు. రెండు సాళ్ళు మగ, ఎనిమిది సాళ్ళు ఆడ, మళ్ళీ రెండు మగ. ఆడ వరుసల పూలలో కేసరాలు ఉంటాయి గానీ వాటి పుప్పొడి పనికిరాదు. మగ వరుసల పుప్పొడి గాలికి వచ్చి పడితేనే గింజ కడుతుంది. ఆ గింజే హైబ్రిడ్ విత్తనం. కంపెనీ ఇచ్చిన సంచి మీద కోడు నంబరు తప్ప రకం పేరు ఉండదు, అడిగినా చెప్పరు.

నేను ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్తాను. "జిబ్బరెల్లిన్ కాండాన్ని పొడవు చేస్తుంది" అని ఏటా బోర్డు మీద రాసి ముందుకు పోతాను. తమ్ముడేమో అదే జిబ్బరెల్లిన్‌ను ఏటా కొని, ఆడ కంకి ఆకు తొడుగులోంచి పూర్తిగా బయటికి రావాలని పొలంలో కొడతాడు. వాడి భాషలో అది "జీఏ మందు". అది కొట్టకపోతే ఏమవుతుందో, సగమే కొడితే ఏమవుతుందో ఎప్పుడూ చూడలేదన్నాడు. "చూసుడెందుకక్కా, పంట పోతది" అన్నాడు. ఒడ్డు పక్కన నాలుగు గుంటలు అడిగాను. నష్టం వస్తే నేనే కట్టాలన్న షరతు మీద ఇచ్చాడు.

ఇవాళ చేసిందల్లా కోత పనే. ఆడ వరుసలో ఐదు, మగ వరుసలో ఐదు తల్లి పిలకలు పీకి, బ్లేడుతో నిలువునా చీల్చాను. ఆకు తొడుగులు ఒక్కొక్కటే విప్పుకుంటూ పోతే అడుగున మిల్లీమీటరు పొడవు తెల్లటి మొన. భూతద్దంలో చూస్తే దాని మీద నూగు. అదే కంకి. బయట నుంచి చూసేవాళ్ళకు మొక్క ఇంకా ఆకులేస్తున్నట్టే ఉంటుంది, లోపల మాత్రం పూల లెక్క తేలిపోతోంది. ఇక్కడి నుంచి కంకి బయటపడడానికి దాదాపు నెల.

మగది ముందుంది. దాని మొన మూడు మిల్లీమీటర్లు దాటింది. ఇలాగే వదిలేస్తే ఆడది పూసేసరికి మగది పుప్పొడి రాల్చేసి చేతులు దులుపుకుంటుంది. మగదాన్ని విడతలుగా నారు పోసినా చలి వల్ల ఈ తేడా వచ్చింది. ముందున్నదాన్ని కాస్త ఆపాలంటే దానికి నత్రజని ఇవ్వాలి. లీటరుకు 20 గ్రాముల యూరియా కలిపి మగ సాళ్ళకే కొట్టాం. ఈ దశ దాటితే ఈ చిట్కా పనిచేయదు.

ఫిబ్రవరి 16

నిన్న క్లాసులో ఆ చీల్చిన పిలకలు చూపించాను. "కంకిలో ఎన్ని పూలు ఉండాలో ఎవరు చెప్తారు మేడమ్?" అని ఒక అమ్మాయి అడిగింది. చాలావరకు సైటోకైనిన్ అనే హార్మోను. కంకి మొనలో అది ఎంత నిలిస్తే మొన అంతసేపు కొత్త కొమ్మలు, కొత్త పూలు వేస్తుంది. 2005లో జపాన్ పరిశోధకులు హబతాకి అనే వరి రకంలో గింజలు ఎందుకు ఎక్కువో వెతుకుతూ పోతే సైటోకైనిన్‌ను విరగ్గొట్టే ఒక ఎంజైము జన్యువు దొరికింది. ఆ రకంలో ఆ జన్యువు బలహీనం. విరగ్గొట్టేవాడు నీరసపడ్డాడు కాబట్టి హార్మోను మిగిలింది, గింజలు పెరిగాయి.

దీనికి తిరగబడ్డ కథ 2007లో బయటపడింది. సైటోకైనిన్‌ను పనిచేసే రూపంలోకి మార్చే ఆఖరి మెట్టు చెడిపోయిన వరి మొక్కల్లో కంకి కురచ, పూలు తక్కువ. చాలా పూలలో ఒక్కటే కేసరం ఉంటుంది, అండాశయం ఉండదు. ఆ జన్యువుకు "లోన్లీ గై" అని పేరు పెట్టారు. పిల్లలు పడీ పడీ నవ్వారు. ఒంటరోడు. మామూలు వరి పువ్వులో ఆరు కేసరాలు, పుప్పొడిని పట్టే రెండు ఈకల్లాంటి కీలాగ్రాలు ఉంటాయని ఇక జన్మలో మర్చిపోరు.

మార్చి 6

పొట్ట దశ. ఇరవై రోజులు డైరీలో రాయడానికేమీ లేదు, నీళ్ళు, కలుపు, కాండం తొలుచు పురుగుకు ఒకసారి మందు. ఇవాళ కూలీల ముఠా వచ్చి పోటాకులు కోసింది. కంకి కంటే పైకి లేచే ఆ ఆఖరి ఆకు పుప్పొడికి అడ్డం. కొడవలితో పైన సగానికి మించి కోసేస్తారు. పోటాకే గింజకు ప్రధానమైన తిండి పెడుతుందని పాఠంలో చెప్పే నేను ఒడ్డు మీద నిలబడి దాన్ని కోయించాను.

ముఠాలో పెద్దామె నా చేతిలో స్కేలు చూసి, "గా కట్టెతోని ఏం కొలుస్తవ్ బిడ్డా, వరినా, మమ్ములనా?" అంది.

బెరుకులు, అంటే మధ్యలో కలిసిన వేరే మొక్కలు, కూడా ఏరించాం. ఆడ వరుసల్లో పుప్పొడి బాగున్న మొక్క ఒక్కటి మిగిలినా విత్తనం కల్తీ.

మార్చి 12

నాలుగు గుంటలకు కర్రలు పాతి తాడు కట్టాను. ఒక్కో గుంట ఒక్కో పట్టీ.

ఏ: జీఏ లేదు. నీళ్ళు, స్పిరిట్ మాత్రం.
బి: పూర్తి మోతాదు.
సి: సగం మోతాదు.
డి: ఒకటిన్నర రెట్లు.

ఎకరాకు 30 గ్రాములు పూర్తి మోతాదు అనుకున్నాం. ఎకరాకు నలభై గుంటలు, అంటే గుంటకు 0.75 గ్రాము. అందులో మొదటి రోజు 0.3, రెండో రోజు 0.45. కంకులు నూటికి ఐదు నుంచి పది బయటపడగానే మొదటిది కొట్టాలి. తమ్ముడి దగ్గర ఈ తూకానికి సరిపోయే కాటా లేదు, నేను కాలేజీ లాబులో తూచి కాగితం పొట్లాలు కట్టి తెచ్చాను. హోమియో డాక్టరులా ఉన్నావన్నాడు.

మందు ప్యాకెట్టు వైపు చూస్తే నాకు ఎప్పుడూ ఒక నారుమడి గుర్తొస్తుంది. జపాన్ రైతులు కొన్ని వరి మొలకలు పాలిపోయి, సన్నగా, పిచ్చి పొడుగ్గా పెరిగి పడిపోవడం చూసి ఆ తెగులును "బకానే" అనేవాళ్ళు, తెలివిలేని మొలక అని అర్థం. 1926లో తైవాన్‌లో పనిచేస్తున్న ఎయిచి కురొసావా ఆ తెగులు తెచ్చే బూజును ద్రవంలో పెంచి, బూజును వడకట్టేసి, వట్టి ద్రవాన్నే ఆరోగ్యంగా ఉన్న మొలకలకు పెట్టాడు. అవీ అలాగే సాగాయి. అంటే బూజు విడిచే పదార్థమే ఆ పని చేస్తోంది. 1938లో యబుతా, సుమికి దాన్ని స్ఫటికాలుగా తీశారు. ఇప్పటికీ ఈ మందును ఆ జాతి బూజును పులియబెట్టే తయారుచేస్తారు. వరిని చంపే తెగులు నుంచి వచ్చింది వరి పంట నిలబెట్టడానికి పనికొస్తోంది.

మార్చి 14

తెల్లవారి ఆరింటికే పొలం. ఆడ వరుసల్లో పది దుబ్బులు లెక్కపెట్టాను. పదకొండు, పన్నెండు పిలకలకొకటి చొప్పున కంకి మొన కనబడుతోంది. సమయం ఇదే.

ఈ కంకి మొనల దగ్గరే అసలు సమస్య. మామూలు వరిలో కంకి కింద ఉన్న ఆఖరి కణుపు మధ్యమం (రెండు కణుపుల మధ్య కాండం) ఈనే రోజుల్లో గబగబా సాగి కంకిని తొడుగులోంచి పూర్తిగా బయటికి తోస్తుంది. ఆడ లైనులో, అంటే ఆడ వరుసల్లో పెట్టే రకంలో, ఆ సాగుడు మధ్యలో ఆగిపోతుంది. కంకి కింది భాగం పోటాకు తొడుగులోనే ఉండిపోతుంది, అక్కడి పూలకు పుప్పొడి చేరదు. ఈ ఆడ లైన్ల గుణం 1970లో యువాన్ లాంగ్‌పింగ్ బృందానికి హైనాన్ దీవిలో దొరికిన ఒక అడవి వరి మొక్క నుంచి వచ్చింది. పుప్పొడి చెడిపోయే గుణం, మెడ చాపని గుణం రెండూ జంటగానే వచ్చాయి. వరి పూల పరాగకోశాల్లో జిబ్బరెల్లిన్ చాలా ఎక్కువగా ఉంటుంది. ఇక్కడ పరాగకోశాలే ఎండిపోయాయి కాబట్టి పై కణుపుకు అందే జిబ్బరెల్లిన్ తగ్గిందన్నది దీనికి చెప్పే ఒక వివరణ. నాకది నమ్మదగిందిగానే తోస్తుంది. ఆ లోటునే మనం పంపుతో పూడుస్తున్నాం.

ఇక ఈ రోజు జరిగిన తెలివితక్కువ పని. జిబ్బరెల్లిక్ ఆమ్లం నీళ్ళలో సరిగా కరగదు, ముందు స్పిరిట్లో కరిగించి తర్వాత నీళ్ళలో పోయాలి. బి, సి పట్టీలకు అలాగే చేశాను. 0.3 గ్రాముకు 10 మిల్లీలీటర్ల స్పిరిట్, ఊపితే పొడి మాయమైంది. డి పట్టీ వంతు వచ్చేసరికి ఎండ ఎక్కింది, హడావుడిలో పొట్లం నేరుగా నీళ్ళ బకెట్లో విప్పేశాను. పొడి ముద్దలు కట్టి అడుగున కూర్చుంది. ఎంత కలిపినా లాభం లేదు. అదే పంపులో పోస్తే నాజిల్ బ్లాక్. తమ్ముడు విప్పి, ఊది, మళ్ళీ బిగించి, నా వైపు ఒక చూపు చూశాడు. మాట్లాడలేదు. మిగిలిన స్పిరిట్ మిగతా పట్టీల రేపటి విడతకే సరిపోతుంది, డి పట్టీ అలాగే ఉండిపోయింది.

మార్చి 15

బి, సి పట్టీలకు రెండో విడత పడింది. ఏ పట్టీకి నిన్నా ఇవాళా స్పిరిట్ నీళ్ళు కొట్టాం. డి పట్టీకి స్పిరిట్ తెస్తానని మాట ఇచ్చాను గానీ కాలేజీలో ఇంటర్ పరీక్షల డ్యూటీ. మూడు రోజులు కదలలేను. టెన్షన్ అంతా హాల్లో పిల్లలది, నా మనసు మాత్రం డి పట్టీలో.

మార్చి 18

డి పట్టీకి ఇవాళ కొట్టాం. నాలుగు రోజులు ఆలస్యం, ఈపాటికి సగానికి పైగా కంకులు బయటపడి ఉన్నాయి. ఒకటిన్నర రెట్ల ఆలోచన వదిలేసి పూర్తి మోతాదు 0.75 గ్రామూ ఒకేసారి కొట్టాను. ప్లాన్ పాడైంది, పోనీ "ఆలస్యమైతే ఏమవుతుంది" అన్నదైనా తేలుతుంది.

బి పట్టీ వైపు చూస్తే నవ్వొచ్చింది. పక్కనున్న ఏ పట్టీ కంటే బెత్తెడు పైకి లేచి నిలబడింది. నాలుగు రోజుల్లో.

మొక్క లోపల దీనికి ఒక చక్కటి ఏర్పాటు ఉంది, అది కూడా వరిలోనే బయటపడింది. ఎస్‌ఎల్‌ఆర్1 అని ఒక ప్రొటీన్ పెరుగుదల జన్యువుల మీద బ్రేకులా కూర్చుని ఉంటుంది. జిబ్బరెల్లిన్ వచ్చి జీఐడీ1 అనే గ్రాహకంలో ఒదుగుతుంది. ఆ జంట వెళ్ళి బ్రేకును పట్టుకుంటుంది. అప్పుడు కణం ఆ బ్రేకు ప్రొటీన్‌కు చెత్త గుర్తు తగిలించి ముక్కలు చేసేస్తుంది. అంటే హార్మోను తోసేది లేదు, అడ్డం తీసేయడమే. జీఐడీ1 ను నగోయా విశ్వవిద్యాలయం వాళ్ళు 2005లో వరిలో గుర్తించారు, జిబ్బరెల్లిన్‌కు మొదట దొరికిన గ్రాహకం అదే. బ్రేకు పూర్తిగా పోయిన వరి మొక్కలు కూడా ఉన్నాయి. హార్మోను ఉన్నా లేకున్నా సన్నగా తాడిచెట్టులా పెరిగిపోతాయి, గింజ మాత్రం కట్టవు.

మార్చి 19

తాడు లాగుడు మొదలైంది. ఉదయం తొమ్మిదిన్నర దాటాక ఇద్దరు రెండు ఒడ్ల మీద నిలబడి తాడు చెరో కొస పట్టుకుని మగ వరుసల మీదుగా లాగుతూ పోతారు. మగ కంకులు వంగి లేచినప్పుడు పసుపు పొగ లేస్తుంది. అరగంటకోసారి, మూడు నాలుగు సార్లు. వారం పది రోజులు ఇదే పని. వరి పుప్పొడి బతికేది నిమిషాలే, అందుకే ఇంత తొందర. కీలాగ్రం మాత్రం కొన్ని రోజులు ఎదురుచూడగలదు.

మార్చి 22

ఇవాళ కొలతలు లేవు. పదింటి నుంచి ఒంటిగంట దాకా ఒక ఆడ కంకి, ఒక మగ కంకి ముందు గొడుగు వేసుకుని కూర్చున్నాను. ఈ మూడు గంటలే నాకు ఈ ప్రాజెక్టు మొత్తంలో బాగా నచ్చినవి.

మగ పువ్వు పదిన్నరకు తెరుచుకుంది. రెండు పొట్టు రేకులు చిన్న పక్షి నోరులా విడిపోయాయి, కేసరాలు లేచి వేలాడాయి, పొడి రాలింది, ముప్పావు గంటలో మళ్ళీ మూతపడింది. ఆడ పూలకు అంత క్రమశిక్షణ లేదు. ఒకటి పదకొండుకు, ఇంకొకటి పన్నెండున్నరకు. తెరుచుకున్నది చాలాసేపు నోరు తెరుచుకునే ఉంది. కీలాగ్రాలు పొట్టు బయటికి వచ్చి, పువ్వు మూసుకున్నాక కూడా బయటే ఉండిపోయాయి. తమ్ముడికి అదే కావాలి.

ఒక పువ్వును సూదితో విప్పాను. అడుగున లాడిక్యూల్స్ అనే రెండు చిన్న కండలు. అవి నీళ్ళు పీల్చుకుని ఉబ్బితే పొట్టు విడిపోతుంది, వాడిపోతే మూసుకుంటుంది. తలుపుకు గడియ అంటే అవే. ఈ గడియను నడిపేది జిబ్బరెల్లిన్ కాదు, జాస్మోనేటు అనే ఇంకో హార్మోను. పేరు చూస్తేనే తెలుస్తుంది, 1962లో దీని మిథైల్ రూపాన్ని మొదట జాజిపూల నూనెలోంచి తీశారు. మన జడలోని జాజి వాసనలో ఉండేదే వరి పువ్వు తలుపు తీస్తుంది. దాన్ని బయటి నుంచి వరి కంకికి పెడితే పూలు వేళ కాని వేళ తెరుచుకుంటాయి. దాన్ని పనిచేసే రూపంలోకి మార్చే ఎంజైము చెడిన వరిలో తెరుచుకున్న పూలు మూసుకోవు. ఆడ లైన్ల పూలు ఆలస్యంగా, చెల్లాచెదరుగా తెరుచుకోవడానికీ జాస్మోనేటు లోటే కారణమని కొందరు చూపించారు. ఇవాళ నా గొడుగు కింద చూసిందీ అలాగే ఉంది.

జాస్మోనేటు పని అక్కడితో అయిపోదు. పువ్వు మొగ్గలో భాగాలు ఏర్పడేటప్పుడు కూడా దాని చెయ్యి ఉంది. దాని తయారీ, దాని సందేశం చెడిన వరి మొక్కల్లో పువ్వుకు అదనపు పొట్టు రేకులు వస్తాయి, లోపలి భాగాలు అటూ ఇటూ అవుతాయి. చైనా శాస్త్రవేత్తలు 2014లో దీన్ని వివరించారు. ఇక్కడా సంగతి బ్రేకుదే: జాస్మోనేటు వస్తే ఒక బ్రేకు ప్రొటీన్ విరుగుతుంది, దాంతో పువ్వు భాగాలను నిర్ణయించే జన్యువు మేలుకుంటుంది. మొక్కలకు ఈ పద్ధతి బాగా అచ్చొచ్చినట్టుంది.

మార్చి 27

కొలతల రోజు. ఒక్కో పట్టీలో ఇరవై తల్లి పిలకలు. ఒడ్డు వారగా ఉన్న మూడు సాళ్ళు వదిలేశాను, అక్కడ మొక్కకు వెలుతురు ఎక్కువ. కంకి పొడవు నాలుగు పట్టీల్లోనూ సుమారు 24 సెం.మీ. పోటాకు తొడుగు 29. తేడా అంతా పై కణుపు మధ్యమంలోనే.

ఏ పట్టీలో అది 22.5 సెం.మీ. అంటే కంకిలో 6.5 సెం.మీ. తొడుగు లోపలే. నాలుగో వంతుకు పైగా. తొడుగు విప్పి చూస్తే ఆ భాగం పూలు తెల్లగా, పాలిపోయి, దగ్గరదగ్గరగా అతుక్కుని ఉన్నాయి.

బి పట్టీలో 30. కంకి మొత్తం బయటికి వచ్చి, మెడ ఇంకో సెంటీమీటరు కనబడుతోంది.

సి పట్టీలో 26.5. సగం మోతాదు సగం కంటే కొంచెం ఎక్కువే చేసింది.

డి పట్టీలో 24. పూర్తి మోతాదు తాగి కూడా ఏ పట్టీ కంటే ఒకటిన్నర సెంటీమీటరే ముందుంది! సగం మోతాదు సరైన రోజున కొట్టిన సి పట్టీ దీన్ని దాటేసింది. తమ్ముడికి ఈ అంకెలు చదివి వినిపిస్తే, "నేను ఇరవై ఏండ్ల నుంచి చెప్తలేనా, మందు గాదు, దినం ముఖ్యమని" అన్నాడు. వాడికి ఇరవై ఏళ్ళుగా తెలుసు, నాకు నాజిల్ మూసుకుపోతే తెలిసింది.

ఎందుకో తేలికగానే అర్థమవుతుంది. కణుపు మధ్యమం అడుగున కొద్దిపాటి లేత కణజాలం ఉంటుంది, అదే విభజన చెంది సాగుతుంది. కంకి బయటపడే రోజుల్లో మాత్రమే అది లేత. సగం కంకులు బయటపడ్డాయంటే చాలా పిలకల్లో ఆ కణాల గోడలు ముదిరిపోయాయి. గ్రాహకం ఉంది, హార్మోను ఉంది, బ్రేకు తీసినా కదలాల్సిన బండికే చక్రాలు బిగుసుకున్నాయి. డి పట్టీలో ఆలస్యంగా ఈనిన పిల్ల పిలకలను విడిగా కొలిస్తే అవి బి పట్టీకి దగ్గరగా సాగి ఉన్నాయి. ముందు ఈనినవే సాగలేదు. ఇది చూశాక నాకు అనుమానం పోయింది.

ముందుగా కొడితే? అది నేను చేయలేదు. తమ్ముడు ఒక ఏడాది చేశాడట, కింది కణుపులు సాగి మడి మొత్తం చాప పరిచినట్టు పడిపోయిందట.

మందు లేకుండా మెడ చాపే ఆడ లైన్లు కూడా ఉన్నాయని వాడికి చెప్పాను. పై కణుపులో జిబ్బరెల్లిన్‌ను పనికిరాకుండా చేసే ఈయూఐ అనే ఎంజైము ఉంది. అది చెడిపోతే హార్మోను మిగిలి పై కణుపు దానంతట అదే సాగుతుంది. 1981లోనే ఈ గుణాన్ని హైబ్రిడ్ విత్తనానికి పనికొచ్చేదిగా ప్రతిపాదించారు, 2006లో జన్యువు దొరికింది, చైనాలో ఆడ లైన్లలోకి ఎక్కించారు కూడా. "మరి మనకెందుకిస్తలేరు?" అన్నాడు. కంపెనీ తరఫు ఆర్గనైజర్‌ను అడగమన్నాను.

ఏప్రిల్ 19

మగ వరుసలు మూడు రోజుల క్రితమే కోసి పొలం బయటికి పంపారు, కలవకూడదని. ఇవాళ ఆడ వరుసలు. మెషిన్ రాకముందే పట్టీకి పది కంకులు కోసి గింజా తాలూ లెక్కపెట్టాను. నూరు పూలకు నిండిన గింజలు: ఏ 15, సి 24, బి 33, డి 18.

వీటిని నేను అంతగా నమ్మను. పట్టీకి ఒకటే గుంట, మళ్ళీ చేసి చూసింది లేదు, డి పట్టీ మగ సాళ్ళకు గాలి వాలుగా ఉంది. కొలతల మీద నాకున్న ధీమా గింజల లెక్క మీద లేదు. అయితే ఏ పట్టీ కంకులను అడ్డంగా రెండుగా కోసి లెక్కపెడితే పై భాగంలో గింజ ఉంది, తొడుగులో ఉన్న కింది భాగంలో పదికి తొమ్మిది కంకుల్లో ఒక్క గింజ లేదు. ఆ తేడాకు గాలి వాలు కారణం కాదు.

ఒక భయం మాత్రం నిజమైంది. పదకొండో తేదీ రాత్రి వాన కొట్టింది, వడగళ్ళు లేవు, అంతవరకు అదృష్టం. రెండు రోజులు మబ్బు. బి పట్టీలో పడిపోయిన దుబ్బుల్లో కొన్ని గింజలు కంకి మీదే మొలక చూపించాయి, ఏ పట్టీలో నాకు కనబడలేదు. జిబ్బరెల్లిన్ విత్తనం నిద్రను కూడా లేపుతుందని పాఠంలో మరో మార్కు కోసం చెప్తుంటాను.

వచ్చే యాసంగికి నాలుగు గుంటలు మళ్ళీ అడిగాను. ఈసారి మోతాదు ఒకటే, రోజులు నాలుగు: ఈనడానికి రెండు రోజుల ముందు, నూటికి ఐదు మీద, నూటికి ఇరవై మీద, సగం మీద. తమ్ముడు ముందు రోజు పట్టీకి ఒప్పుకోలేదు. మిగతా మూడింటికి సరే, స్పిరిట్ రెండు సీసాలు తెమ్మన్నాడు.

ఎండబెట్టిన నాలుగు కంకులు, తొడుగుతో సహా, అట్ట మీద అంటించి లాబులో పెట్టాను.